రాయబారి కునుకు

బుడేన్ సాహెబ్‌ను చంపినవాడు ఏమాత్రం తొందరపడలేదు.

షార్జాలో, రోలా బస్టాప్ ఎదురుగా, పట్టపగలు. మే నెల ఎండకు జనం నీడ వెతుక్కుంటూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. ముసలాయన కెఫెటేరియా బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ ఊదుకుని తాగుతున్నాడు. డెలివరీ రైడర్ ఒకడు పక్కకొచ్చి నిలబడ్డాడు. హెల్మెట్ తీయలేదు. ఫోన్‌లో అడ్రసు చూపించి దారి అడుగుతున్నవాడిలా వంగాడు, లేచాడు, బైకెక్కాడు. మలుపులో ఎర్రలైటు పడితే బుద్ధిగా ఆగి, పచ్చలైటు వచ్చాకే వెళ్ళాడు. గల్ఫ్‌లో హంతకులకు కూడా ట్రాఫిక్ ఫైన్ అంటే భయమే.

ముసలాయన మెడ మీద దోమ కుట్టినంత చుక్క మిగిలింది. ఏం జరిగిందో ఆయనకు వెంటనే అర్థమైంది. క్రీక్ రేవులో పడవలకు సరుకు మాట్లాడే బ్రోకరుగా జీవితమంతా గడిపినవాడు, అందులో సగం కాలం ఢిల్లీకి కబుర్లు మోసినవాడు. వేళ్ళు బిగుసుకుపోకముందే ఫోన్ తీసి ఒకే ఒక్క నంబరు నొక్కాడు.

“బాషా... ఓస్టెన్ అనే దొర ఉండాడు సూడు... వానికి ఏమీ కాకుండా సూసుకోమని ఆర్డరంట. ఈగ గూడా వాలగూడదంట. రేపు సాయంత్రం ఆరు దాకా...”

ఆ తర్వాత గ్లాసు పగిలిన చప్పుడు. కెఫెటేరియా నడిపే మలయాళీ అరుపులు. అంతే.

అవతల ఫోన్ పట్టుకున్న జానీ బాషా చాలాసేపు దాన్ని చెవి దగ్గర్నుంచి తీయలేకపోయాడు. అతనిది కడప జిల్లా ప్రొద్దుటూరు. పైకి దుబాయ్‌లో ఒక లిమోజిన్ కంపెనీ డిస్పాచర్, అల్ నహ్దాలో పదిమంది ఉండే గదిలో ఒక మంచం అద్దెకు తీసుకున్న బెడ్‌స్పేస్ మనిషి. లోపల, ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకు ఏజెంటు. బుడేన్ సాహెబ్ అతనికి సోర్సు మాత్రమే కాదు, గల్ఫ్‌కొచ్చిన మొదటి రోజు రొట్టె పెట్టిన మనిషి. ఏడవడానికి టైము లేదు. టాక్సీ ఎక్కాడు.

కరామాలో పాత బిల్డింగు కింద ఒక టైపింగ్ సెంటర్ ఉంది. వీసా ఫారాలు, లేబర్ కార్డులు, ఎమిరేట్స్ ఐడీలు, అన్నీ అక్కడ టైపు చేసిస్తారు. యజమాని వెంకట్రాములు కరీంనగర్ మనిషి. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, రోజంతా అందరి పుట్టిన తేదీలూ కొడుతుంటాడు. గల్ఫ్‌లో మన స్టేషన్ చీఫ్ ఆయనేనంటే ఆయన భార్య కూడా నమ్మదు.

“సార్, బుడేన్ సాహెబ్ వీసా క్యాన్సిల్ అయింది.”

కోడ్ మాట విన్న వెంకట్రాములు వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఎదురుగా ఉన్న డ్రైవర్‌తో, “సర్వర్ డౌన్ భాయ్, చాయ్ పీకే ఆవ్,” అన్నాడు. అతను బయటికెళ్ళగానే తలుపుకు ‘క్లోజ్డ్’ బోర్డు తిప్పాడు.

జానీ బాషా విన్నది విన్నట్టు చెప్పాడు. వెంకట్రాములు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచింది అద్దాలనేనా అన్నది ఆయనకే తెలియాలి.

“సరే. బ్రీఫింగ్ మల్ల ఒకసారి చెప్త, ఇను. ఉత్తర కూటమి. ముప్పై దేశాల సైన్యాలు. గా సైన్యాల మీద ఒక కౌన్సిల్. దేశానికొక రాయబారి. తుపాకి పేల్చాలన్నా, ఓడ కదలాలన్నా కౌన్సిల్ ఊఁ అనాలె. గిప్పుడు గల్ఫ్ దేశాలతోని ముచ్చట పెట్టనీకి అందరు దుబాయ్‌లనే ఉన్నరు.”

“మా కార్లలోనే తిరుగుతా ఉండారు సార్.”

“గా కౌన్సిల్‌ల ఓటింగ్ ఉండదు. మెజారిటీ ముచ్చటే లేదు. అందరు ఒప్పుకుంటెనే పాస్. ఒక్కడు అడ్డం తిరిగితె ఖలాస్. వాళ్ళ ముందట ఒక డ్రాఫ్ట్ ఉన్నది. అరేబియా సముద్రంల శత్రు సిగ్నల్ ఇచ్చే పడవ ఏదున్నా, వార్నింగ్ లేకుండ కాల్చొచ్చు. గంతే. చిన్న దేశపు ముసలి రాయబారి ఒక్కడే వద్దంటున్నడు.”

“ఓస్టెన్.”

“గాయననే. గీ డ్రాఫ్ట్ పాస్ కావాలని మెరిడియన్ గ్యాంగ్ చూస్తున్నది. పేరుకు ఓడల కంపెనీ. ఎనక ఏ దేశమున్నదో ఢిల్లీకి ఎరుక, మనకు చెప్పరు. డ్రాఫ్ట్ పాస్ అయిన గంటల మనోళ్ళున్న పడవ ఒకటి కూటమి చేత కాల్పియ్యాలె, ఇండియాకూ కూటమికీ నడుమ మంట పెట్టాలె. గదీ ప్లాన్. పడవ పేరు నీకెరుకే.”

ఎరుకే. ‘అల్ ఖైర్’. షార్జా క్రీక్ నుంచి ఉల్లిపాయలూ, టైర్లూ వేసుకుని పోయిన కట్టె పడవ. అందులో ఉన్నవాళ్ళంతా కాకినాడ వైపు మనుషులు. వాళ్ళలో ఒకడు వీరవెంకటసత్యనారాయణ. పడవ మీద ఓ కన్నేసి ఉంచమని జానీ బాషాయే అతన్ని ఎక్కించాడు. రెండు రోజుల కింద అతను పంపిన ఆఖరి మెసేజ్‌లో, తెరచాప కొయ్యకు ఎవరో కొత్త పెట్టె బిగించారని ఉంది. ఆ తర్వాత పడవ సిగ్నల్ దాటిపోయింది. ఆ పెట్టె సమయమొచ్చినప్పుడు శత్రు సిగ్నల్ కూస్తుంది. దాన్ని పీకెయ్యమని చెప్పేందుకు దారి లేదు.

“మనం ఎక్కించినాం సార్ వాణ్ణి.”

“నువ్వెక్కించినవ్. నేను సంతకం పెట్టిన.” వెంకట్రాములు గొంతు తగ్గింది. “ఇద్దరం కలిసే నరకానికి పోదాం గని, ముందు పని జూడు. ఓస్టెన్‌ను చంపుతరని ఇన్ని దినాలు అనుకున్నం. గిప్పుడేమో మెరిడియనోళ్ళే ఈగ వాలకుండ చూసుకోమన్నరట. అంటే ఆయన అమ్ముడువోయిండు. అజ్రా రిపోర్ట్ కూడ గదే. మధ్యాహ్నమే వచ్చింది.”

అజ్రా హైదరాబాదు పిల్ల, లండన్‌లో చదివింది. కౌన్సిల్ సమావేశాలకు ప్రోటోకాల్ డైరెక్టర్‌గా ఉంటూ మెరిడియన్ గ్యాంగులో మన మనిషిగా పని చేస్తోంది. ఆమె లాబీలో నడిచొస్తుంటే రాయబారులు ఫైళ్ళు తిరగేసి పట్టుకుంటారు. జానీ బాషా కూడా ఒకటి రెండుసార్లు కారు తాళాలు తిరగేసి పట్టుకున్న మాట వాస్తవం.

“ఢిల్లీ ఆర్డర్ ఇంతే. ఓస్టెన్‌ను వదిలెయ్. రేపు సాయంత్రం సెషన్‌ల ఇంకెవడన్న అడ్డం తిరుగుతడేమొ చూడు. యల్లా, నడువ్.”

బయటికొచ్చి మెట్రో వైపు నడుస్తుంటే ఫోన్ మోగింది. రాజ్యం. సత్యనారాయణ భార్య. మిర్దిఫ్‌లో అజ్రా అద్దెకుంటున్న విల్లాలో పనిమనిషి. ఆ పని కూడా జానీ బాషా చూపించిందే.

“అన్నయ్యగారూ, ఆయన ఫోను ఇవాళ కూడా కలవలేదండి. ఏ కంపెనీ పడవండీ అది?”

ప్రతిరోజూ ఇదే ప్రశ్న. ప్రతిరోజూ ఒకే అబద్ధం.

“మంచి కంపెనీనేలేమ్మా. సముద్రంలో సిగ్నల్ ఉండదు. ఏమీ కాదు.”

“మీరు చెప్పారు కదా, నాకు ధైర్యమేలెండి,” అని ఆమె పెట్టేసింది. ఆ మాట అతనికి ముల్లులా దిగబడింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, చెయ్యి కడిగేసుకుని లేచాడు.

మర్నాడు పొద్దున హోటల్ లాబీలో రాయబారులకు మర్యాదలు జరుగుతున్నాయి. పొడుగాటి తెల్ల కందూరా వేసుకున్న అరబ్బు పెద్దమనిషి ఇత్తడి పాత్రలోంచి చిట్టి కప్పుల్లో గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోస్తున్నాడు. అక్కడి మర్యాద ఏమిటంటే, చాలు అనుకున్నవాడు ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి తిరిగివ్వాలి. ఊపకపోతే ఇంకా కావాలని లెక్క. పోసేవాడు పోస్తూనే ఉంటాడు. పాపం ఓస్టెన్‌కు ఆ సంగతి తెలియదు. పోసినప్పుడల్లా మర్యాదకు తాగేస్తూ, మళ్ళీ నిండిన కప్పును చూసి బిత్తరపోతున్నాడు. పొడుగాటి మనిషి, తెల్ల గడ్డం, నలిగిన కోటు. అమ్ముడుపోయినవాడి మొహంలా అనిపించలేదు జానీ బాషాకు. కాఫీ వద్దని చెప్పడానికే మొహమాటపడేవాడు ముప్పై దేశాలకు వద్దని చెబుతున్నాడంటే గట్టివాడే అనుకున్నాడు.

చివరికి అజ్రా వచ్చి నవ్వుతూ ఓస్టెన్ చేతిలో కప్పు తనే ఊపి వెనక్కి ఇచ్చేసింది. లంచ్ పేరు చెప్పి ఆయన్ను తన కారులో ఎక్కించుకుని వెళ్ళింది. కంపెనీ కారు అక్కర్లేదంది. జానీ బాషా రిజిస్టర్‌లో గీత కొట్టేశాడు.

మధ్యాహ్నం దాటాక వేరే దేశపు కుర్ర సెక్రటరీ ఒకడు డెస్క్ దగ్గరకొచ్చి, “సాయంత్రం కార్లన్నీ క్యాన్సిల్ చేయండి. సెషన్ లేదు,” అన్నాడు.

“సెషన్ లేదా? మరి ఏదో డ్రాఫ్ట్ ఉందన్నారే సార్?”

“దానికి మీటింగ్ ఎందుకు? డ్రాఫ్ట్ అందరికీ పంపేశారు. సాయంత్రం ఆరు దాకా గడువు. ఆలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పాసైనట్టే. కౌన్సిల్‌లో సగం పనులు ఇలాగే జరుగుతాయి,” అని కుర్రాడు చూయింగ్ గమ్ నములుకుంటూ లిఫ్ట్ వైపు వెళ్ళిపోయాడు.

జానీ బాషా చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. అభ్యంతరం చెప్పకపోతే పాస్. కప్పు ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఈ కౌన్సిల్‌లో ఒప్పుకోవడానికి నోరు తెరవక్కర్లేదు. ఒప్పుకోకపోవడానికే తెరవాలి.

ఓస్టెన్ అమ్ముడుపోలేదు. ఆయన్ను ఎవరూ కొనక్కర్లేదు, చంపక్కర్లేదు. చంపితే గోల, విచారణ, గడువు వాయిదా. అందుకే ఈగ వాలకూడదన్నారు. ఆయన ఆరు దాకా క్షేమంగా, హాయిగా, ఏమీ మాట్లాడకుండా ఉంటే చాలు. ఢిల్లీలో పెద్ద పెద్ద చదువులవాళ్ళు అందరూ కూడి ఊఁ అనే సెషన్ కోసం కాచుకు కూర్చున్నారు. ఆ తెలివికి సలాం కొట్టాలి.

వెంటనే రాజ్యానికి ఫోన్ చేశాడు.

“దొరగారాండీ? ఇక్కడే ఉన్నారండి, అతిథులు కూర్చునే మజ్లిస్ హాల్లో. భోంచేసి, కాఫీ తాగి, అలాగే ఒరిగిపోయారండి. అమ్మగారు శాలువా కప్పి, ఎవరూ చప్పుడు చెయ్యొద్దన్నారు. నిద్రేంటో మరి, పళ్ళెం పడినా కదల్లేదండి.”

తర్వాత కరామాకు ఫోన్ చేశాడు. వెంకట్రాములు అంతా విన్నాడు. 

“అజ్రా మన మనిషని ఢిల్లీ అంటున్నది బాషా. ముట్టొద్దన్నరు. మల్ల అడుగుతే రిప్లై రానీకి రేపైతది.”

“రేపటికి పడవ ఉండదు సార్.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత వెంకట్రాములు గొంతు మామూలుగా వినిపించింది. “హలో? హలో? ఏమొ, నీ మాట ఒక్కటి కూడ ఇనొస్తలేదు. నువ్వు ఫోన్ చేసినట్టే నాకు యాదికి లేదు. వెనక గల్లీల మన ఏసీ కంపెనీ వ్యాన్ ఉన్నది, తాళం దాన్లనే ఉన్నది. హలో? పొల్లగాండ్లు సిమ్‌కార్డులు ఏం అమ్ముతున్నరో ఏమొ.” లైన్ కట్టయింది.

దుబాయ్‌లో మే నెలలో ఏసీ మెకానిక్‌ను ఆపే సెక్యూరిటీ గార్డు ఇంకా పుట్టలేదు. నీలం యూనిఫాం, భుజాన గ్యాస్ సిలిండర్, మొహాన చిరాకు. అదే అసలైన మారువేషం. విల్లా గేటు దగ్గర ఉన్న ఇద్దరు కండల మనుషులు, “జల్దీ కరో, లోపల చల్లగా ఉండాల,” అని తామే దారి చూపించారు. వంటింటి తలుపు రాజ్యం తీసింది. ఇదేం వేషమని అడగలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. అడగనందుకు అతను లోలోపల దేవుడికి మొక్కుకున్నాడు.

“లేపి సూసినావా రాజ్యమ్మా?”

“పక్కకెళ్ళి రెండుసార్లు దగ్గానండి. కదల్లేదు.”

జానీ బాషా జేబులోంచి ఢిల్లీ ఆఫీసువాళ్ళు ఇచ్చిన స్పెషల్ పెన్ను తీశాడు. మూత నొక్కితే ఘాటైన ఆవిరి వచ్చి, స్పృహ తప్పినవాడు ఒక్క ఉదుటున లేచి కూర్చుంటాడని డెమోలో చూపించారు. పరీక్షకు ఒకసారి నొక్కాడు. తుస్సుమంది. మళ్ళీ నొక్కాడు. ఆ తుస్సు కూడా రాలేదు. డెమోలోనే అయిపోగొట్టినట్టున్నారు.

గోడ గడియారంలో ఆరు కావడానికి పావుగంట కూడా లేదు. మోసుకెళ్దామా అంటే గేటు దగ్గర కండలు. నీళ్ళు కొడదామా అంటే అవి మొహం తడుపుతాయేమో గానీ మత్తు దించవు. వంటింటి గట్టు మీద ఊద్ అనే అగరు ధూపం వేసే బొగ్గుల గిన్నె కనిపించింది. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడు, ప్రొద్దుటూరులో తన అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఎండుమిరపకాయలు తల చుట్టూ తిప్పి పొయ్యిలో పారేసేది. ఆ ఘాటు పొగకు వీధి వీధంతా దగ్గేది. జ్వరం పోయేదో లేదో గానీ, మంచంలో ఒక్కడూ పడుకోగలిగేవాడు కాదు.

“ఎండుమిరపకాయలుండాయా?”

“ఈ ఇంట్లో ఎందుకుంటాయండీ. నా పెట్టెలో ఉన్నాయి. ఊర్నుంచి తెచ్చుకున్నవి.”

“ఎన్నుంటే అన్నీ ఈ గిన్నెలో ఎయ్. నేను లోపలికి పోయినాక, తీసుకొచ్చి ఏసీ కింద పెట్టు. ముక్కుకు కొంగు కట్టుకో.”

రాజ్యం ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూసింది. “మా ఆయన గురించేనాండీ ఇదంతా?”

“అవునమ్మా,” అన్నాడు. అంతకుమించి చెప్పే ధైర్యం లేకపోయింది.

మజ్లిస్ చీకటిగా, చల్లగా ఉంది. ఓస్టెన్ దిండు మీద తల పెట్టుకుని పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టారు. శాలువా మెడదాకా కప్పారు. నిజంగానే ఈగ వాలకుండా చూసుకున్నారు.

“క్యా బాషా, ఏసీ పని ఎప్పుడు నేర్చుకున్నవ్?”

అజ్రా మూలన సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఒక చేతిలో ఓస్టెన్ ఫోన్, రెండో చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఎప్పటిలాగే అందంగా ఉంది, అదే అతనికి బాధ కలిగించింది.

“ఆయన ఆఫీసులో ఇంకో మనిషి ఉండాలే?” అన్నాడు జానీ బాషా. “ఆయన బదులు వాళ్ళైనా చెబుతారు.”

“ఉన్నడు ఒకడు. వానికి ఈ ఫోన్ నుంచే మెసేజ్ పోయింది. నేనే చూసుకుంట, నువ్వేం చెయ్యకు అని. నిద్రల ఉన్నోని బొటనవేలు పెట్టించుడు ఏం కష్టం?”

“బుడేన్ సాహెబ్‌ను సంపించినావు.”

ఆమె మొహంలో ఏదో కదిలింది. “అది నా ఆర్డర్ కాదు. సచ్ బోల్‌రీ, నిజంగ చెప్తున్న. నాకు ఎవర్నీ చంపుడు ఇష్టం లేదు. చూడు, దొర మంచిగ కునుకు తీస్తడు, లేస్తడు, డిన్నర్ తింటడు. ఎవరికీ ఏం కాదు.”

“పడవలో ఉండేవాళ్ళకు?”

“గా పడవలు మ్యాప్ మీద చుక్కలు బాషా. ఢిల్లీకి గంతే, వీళ్ళకు గంతే. నేను కూడ పదేండ్లు ఒక చుక్కనే. నన్నెవరన్న అడిగిన్రా? నువ్వు అడిగి ఎక్కించినవా వాళ్ళను?”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.  “ఆ సుక్కల్లో ఒగని పెండ్లాం నీ వంటింట్లో ఉండాది,” అని మాత్రం అన్నాడు.

అజ్రా ఏదో అనబోయింది. అంతలో రాజ్యం తలవంచుకుని బొగ్గుల గిన్నెతో లోపలికొచ్చింది. సరాసరి ఏసీ గాలి తగిలే చోట నేల మీద పెట్టింది.

“ఇప్పుడెవరు ఊద్ అడిగిన్రు?” అంది అజ్రా.

“దొరగారికి బాగుంటుందండీ అమ్మగారూ,” అని రాజ్యం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

తెల్లటి పొగ లేచింది. ఏసీ దాన్ని అందుకుని గదంతా సమానంగా పంచింది. మొదట అజ్రా దగ్గింది. రెండోసారి దగ్గేసరికి కళ్ళ వెంట నీళ్ళు ధారలు. మూడోసారికి పిస్టల్ పేలింది, పైన షాండ్లియర్ సగం ఊడి కార్పెట్ మీద పడింది. చప్పుడు విని గేటు దగ్గర కండల మనుషులు లోపలికి దూకారు. దూకినంత వేగంగానూ, “యా అల్లా!” అంటూ కళ్ళు నలుపుకుని బయటికి దూకారు. ప్రొద్దుటూరు వీధుల్లో పెరిగిన జానీ బాషా కూడా ఊపిరాడక మోకాళ్ళ మీద పాకుతున్నాడు. ఆ పాకడంలోనే అజ్రా చేతిలోంచి జారిన ఫోన్ దొరికింది.

ఓస్టెన్ శాలువాతో సహా లేచి కూర్చున్నాడు. మొహం ఎర్రబడింది. జీవితంలో ఇంతవరకు ఎవరి దగ్గరా ఇంత మర్యాద లేకుండా దగ్గి ఉండడు. జానీ బాషా ఆయన బొటనవేలు ఫోన్ మీద పెట్టించి, అందులో ఉన్న కౌన్సిల్ డ్యూటీ ఆఫీసర్ నంబరు నొక్కి ఆయన నోటి దగ్గర పెట్టాడు.

“గుడ్ ఆఫ్టర్‌నూన్. కౌన్సిల్ సెక్రటేరియట్,” అంది అవతల ఒక నిదానమైన గొంతు. పడమట, కౌన్సిల్ ఆఫీసున్న దేశంలో ఇంకా మధ్యాహ్నమే.

ఓస్టెన్ దగ్గాడు.

“ఎక్సలెన్సీ, మీ నంబరే కనిపిస్తోంది. ఈ డ్రాఫ్ట్ గురించి ఏమైనా చెప్పాలా? గడువు ఒక్క నిమిషం ఉంది.”

ఓస్టెన్ ఇంకా గట్టిగా దగ్గాడు.

“క్షమించండి, దగ్గును అభ్యంతరంగా నమోదు చేసే వీలు లేదు.”

“ఆయన ఒప్పుకోవడం లేదు! రాసుకో!” అని అరిచాడు జానీ బాషా ఇంగ్లీషులో.

“మీరెవరు సార్? రాయబారి తన గొంతుతో చెప్పాలి.”

జానీ బాషా ముసలాయన భుజాలు రెండూ పట్టుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు మిరపకాయలవి మాత్రమే కావు. “సార్. డ్రాఫ్ట్. సముద్రంలో మనుషులున్నారు. ఆరు కావస్తోంది. ఒక్క మాట సార్. మీరు ఒప్పుకుంటే ఒప్పుకున్నారు, లేకపోతే చెప్పండి.”

మత్తులో ఈదుతున్న ఆ నీలికళ్ళు ‘డ్రాఫ్ట్’ అన్న మాట దగ్గర ఒడ్డుకు చేరాయి. ఓస్టెన్ ఫోన్ లాక్కున్నాడు. ఊపిరి ఎగబీల్చాడు, అది పొరపాటైంది, మళ్ళీ దగ్గాడు. గోడ గడియారం ముల్లు కదిలింది.

“మా దేశం,” అన్నాడు చీలిపోయిన గొంతుతో, “ఒప్పుకోవడం లేదు.”

“నమోదు చేశాను, ఎక్సలెన్సీ. డ్రాఫ్ట్ ఆగిపోయింది. జలుబు త్వరగా తగ్గాలని కోరుకుంటున్నాను.” ఫోన్ పెట్టేశాక గడియారం ఆరు కొట్టింది.

రాజ్యం కిటికీలు తెరిచింది. పొగ తగ్గేసరికి సోఫా ఖాళీగా ఉంది. పిస్టల్ ఉంది, అజ్రా లేదు. మర్నాడు ఎక్కడినుంచో ఆమె ఢిల్లీకి రిపోర్టు పంపింది. ప్రాణాలకు తెగించి రాయబారిని నిద్రలేపింది తానేనని. ఢిల్లీ ఆమెకు ప్రశంసాపత్రం సిద్ధం చేసింది, పంపడానికి అడ్రసే దొరకలేదు. బుడేన్ సాహెబ్‌ను షార్జా ఖబరస్తాన్‌లో మట్టి చేసినప్పుడు వెనకాల నిలబడింది జానీ బాషా, వెంకట్రాములు, కెఫెటేరియా మలయాళీ. ఆ ముగ్గురే.

ఓస్టెన్ ఊరికే కూర్చోలేదు. తనకు కాఫీలో మత్తు పెట్టి ఎవరు ఏ పడవను కాల్పించాలనుకున్నారో కౌన్సిల్‌లో నిలబడి గట్టిగానే అడిగాడు. కూటమి ఓడ ఒకటి ‘అల్ ఖైర్’ను వెతికి పట్టుకుని, కొయ్యకున్న పెట్టె విప్పించి, మర్యాదగా నీళ్ళిచ్చి వెనక్కి పంపింది.

పడవ షార్జా క్రీక్‌కు చేరిన సాయంత్రం రేవు గట్టు మీద జానీ బాషా, రాజ్యం పక్కపక్కనే నిలబడ్డారు. ఉల్లిపాయల బస్తాల వెనక సత్యనారాయణ కనిపించాడు. ఎండకు నల్లబడ్డాడు, చిక్కిపోయాడు, చెయ్యి ఊపుతున్నాడు. రాజ్యం ఊపలేదు. గుడ్లప్పగించి చూస్తూ, మనిషి తలనుంచి కాలిదాకా మొత్తం ఉన్నాడో లేడో సరిచూసుకుంటోంది.

జానీ బాషా గొంతు సవరించుకున్నాడు. చెప్పకపోతే ఇంక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. 

“రాజ్యమ్మా, నీకొకటి సెప్పల్ల. ఆ పడవ కంపెనీది కాదు. వాణ్ణి దాంట్లో ఎక్కించింది నేను. ప్రమాదమని తెలిసే ఎక్కించినా. మా ఆఫీసు పని మీద. నువ్వు రోజూ అడిగినా అబద్ధం సెప్పినా.”

“తెలుసండి,” అంది రాజ్యం, కళ్ళు పడవ మీదనుంచి తిప్పకుండా.

“ఏం తెలుసు?”

“అంతా తెలుసండి. మీరు పని చెప్పి ఒట్టేయించుకున్న రోజే ఇంటికొచ్చి ఆయన నాకు చెప్పేశారు. ఆయన కడుపులో ఏదీ దాగదండి.”

జానీ బాషా వేళ్ళ మీద లెక్కేశాడు. అయిదు వారాలు. ఒట్టు వేసిన రోజునుంచి.

“మరి... రోజూ ఫోన్ సేసి, ఏ కంపెనీ పడవ అని అడిగితివే?”

ఆమె అప్పుడు అతనివైపు తిరిగింది. కోపం లేదు. అంతకంటే కష్టమైనదేదో ఉంది.

“నేను అడగడం మానేస్తే మీరు ఆయన్ని మర్చిపోతారేమోనని భయమేసిందండి. అందుకని అడిగేదాన్ని.”

ఆ మాటకు అతనికి సిగ్గుతో తల వాలిపోయింది. ఆమె మాత్రం అతన్ని అక్కడే వదిలేసి గట్టు అంచుకు వెళ్ళింది. దిగీదిగగానే మొగుణ్ణి చొక్కా పట్టుకుని, ఇన్ని రోజులూ వేళకు తిన్నావా లేదా అని నిలదీస్తోంది.

ఫోన్ మోగింది. వెంకట్రాములు.

“బాషా, ఢిల్లీ నుంచి ఆఖరి ప్రశ్న వచ్చింది. ఫైల్ క్లోజ్ చెయ్యాలట. మన ఆపరేషన్ సంగతి బయటోళ్ళకు ఎవలకన్న తెలిసిందా?”

జానీ బాషా గట్టు అంచువైపు చూశాడు. అక్కడ సత్యనారాయణ చేతులూపుకుంటూ పెళ్ళానికి సముద్రంలో జరిగిన రహస్యాలన్నీ ఒకటొకటే పూస గుచ్చినట్టు చెబుతున్నాడు.

“బయటోళ్ళకెవరికీ తెలీదు సార్,” అన్నాడు. “ఇంట్లోవాళ్ళకే.”